ట్రైలర్ లాగడానికి పెట్రోలా, డీజిలా? పదవీ విరమణ డబ్బుతో కొనేముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: నా వయసు 58. నిజాంపేటలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. ప్రైవేటు ఉద్యోగం నుంచి వచ్చే మార్చిలో పదవీ విరమణ చేస్తున్నాను. పీఎఫ్, గ్రాట్యుటీ, ఇతర పొదుపులు కలిపి 95 లక్షలు చేతికొస్తాయి. అప్పులు లేవు. నా భార్య ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు. పాత చిన్న పెట్రోలు కారు ఒకటి ఉంది. రెండు పడకలు, వంటగట్టు, బాత్‌రూమ్ ఉన్న ట్రైలర్ ఒకటి చేయించుకుని దాన్ని బండికి తగిలించుకుని ఊళ్ళు తిరగాలని మా కోరిక. మేడ్చల్ దగ్గర ఒక షెడ్డువాళ్ళు 8 లక్షలకు చేసిస్తామన్నారు. ఖాళీ బరువు 900 కిలోలట. దాన్ని లాగడానికి ఒక ఎస్‌యూవీ చూసి వచ్చాం. పెట్రోలు ఆటోమేటిక్ ఆన్‌రోడ్ ధర 21.90 లక్షలు, డీజిల్ ఆటోమేటిక్ 23.40 లక్షలు. ఏడాదికి 7 వేల కిలోమీటర్లు తిరుగుతాం, అందులో ట్రైలర్‌తో 2,500 ఉండవచ్చు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి పెట్రోలే చాలంటున్నాడు, మిత్రులు డీజిల్ తప్ప వద్దంటున్నారు. ఏది కొనమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: డీజిలే కొనండి. కానీ కొత్తది వద్దు. ట్రైలర్‌కు అడ్వాన్సు కూడా ఇప్పుడే ఇవ్వకండి. ఎందుకో వివరంగా చెబుతాను. మీ కోరిక నాకు ఎంతో నచ్చింది, అది నాలుగు కాలాలపాటు సాగాలనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ అబ్బాయి మాట. అతను ఉన్నచోట అది సరైన సలహాయే. అమెరికాలో డీజిల్ సాధారణంగా పెట్రోలుకంటే ఖరీదు. అక్కడి కేంద్ర పన్నే గ్యాలన్ పెట్రోలు మీద 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. పెద్ద పికప్ ట్రక్కుల్లో డీజిల్ ఇంజిన్ కావాలంటే సుమారు పది వేల డాలర్లు అదనంగా పెట్టాలి. పైగా ఫలానా బండి ఎన్ని కిలోలు లాగగలదో తయారీదారే కాగితం మీద రాసి ఇస్తాడు. రెండు మూడు టన్నుల ట్రైలర్‌ను కూడా పెట్రోలు ట్రక్కు నిశ్చింతగా లాగేస్తుంది.

మన దగ్గర పరిస్థితి తలకిందులు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. అందుకే బంకులో డీజిల్ చవక. ఇంజిన్ల మధ్య ధర తేడా లక్ష, రెండు లక్షల్లో తేలిపోతుంది. మన కంపెనీలు చాలావరకు లాగే సామర్థ్యాన్ని బ్రోచర్‌లో అచ్చువేయవు. కాబట్టి అక్కడి లెక్క ఇక్కడికి నప్పదు.

ఇక మన లెక్క వేద్దాం. పెట్రోలు లీటరు 107, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. ట్రైలర్ లేకుండా పెట్రోలు బండి లీటరుకు 10, డీజిల్ బండి 14 కిలోమీటర్లు ఇస్తాయని నా అంచనా. అంటే కిలోమీటరుకు 10.70 రూపాయలు ఒకవైపు, 6.86 మరోవైపు. తేడా 3.84. ట్రైలర్ తగిలించగానే మైలేజీ బాగా పడిపోతుంది. నిలువు గోడలాంటి ఆ పెట్టె గాలిని చీల్చుకుంటూ వెళ్ళాలి కదా. అప్పుడు పెట్రోలు బండి 6, డీజిల్ బండి 9 ఇస్తాయనుకుంటే తేడా కిలోమీటరుకు 7.16 రూపాయలకు చేరుతుంది. మీరు చెప్పిన 4,500 కిలోమీటర్ల మామూలు ప్రయాణం మీద 17,280, ట్రైలర్‌తో తిరిగే 2,500 మీద 17,900. మొత్తం ఏడాదికి 35 వేల చిల్లర డీజిల్ బండి మిగులుస్తుంది.

అందులోంచి డీజిల్ బండికి అదనంగా అయ్యే సర్వీసింగ్, ఫిల్టర్లు, కొన్ని మోడళ్ళలో పొగలోని హానికర వాయువులను తగ్గించడానికి పోయవలసిన యాడ్‌బ్లూ ద్రవం ఖర్చు తీసేయాలి. వాటికి 6 వేలు వేసుకుంటే మిగిలేది 29 వేలు. మీరు ఎక్కువ పెట్టేది లక్షన్నర. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే 7 శాతం వడ్డీ వచ్చేదన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకుంటే, లక్షన్నర వెనక్కి రావడానికి ఆరున్నరేళ్ళకు పైనే పడుతుంది. ట్రైలర్ మూలపడితే పదేళ్ళు కూడా చాలవు. అమ్మేటప్పుడు డీజిల్ బండికి కాస్త ఎక్కువ రావచ్చు, అది వేరే సంగతి. ఇంధనం తేడా మిమ్మల్ని ధనవంతుల్నీ చేయదు, దెబ్బా తీయదు.

మరి డీజిలే ఎందుకంటున్నాను? బరువు వల్ల, ఘాట్ రోడ్డు వల్ల.

షెడ్డువాళ్ళు చెప్పిన 900 కిలోలు ఖాళీ పెట్టె బరువు. వంద లీటర్ల నీళ్ళు నింపితే వంద కిలోలు. బ్యాటరీ, ఇన్వర్టర్, ఏసీ కలిపి దాదాపు మరో 90. గ్యాస్ సిలిండర్, పొయ్యి. పరుపులు, గిన్నెలు, బియ్యం, పప్పులు, బట్టలు, మడతకుర్చీలు. బయలుదేరే రోజున వేబ్రిడ్జి ఎక్కిస్తే 1,250 కిలోలకు అటూ ఇటూగా చీటీ వస్తుంది. ఇందులో కనీసం పదోవంతు, అంటే 125 కిలోలు, ట్రైలర్‌ను తగిలించే హిచ్ మీద, అంటే బండి వెనకనున్న కొక్కెం మీద పడాలి. అంతకన్నా తక్కువ పడితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, అది బండినీ ఊపేస్తుంది. ఈ 125 కిలోలు మీ బండి మోయగల బరువులోకే వస్తాయి. అందువల్ల డిక్కీలో పెట్టే సామాను ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఈ బరువుతో శ్రీశైలం దారిని ఊహించుకోండి. మన్ననూరు దాటాక అడవి, ఈగలపెంట దగ్గర కృష్ణ వైపు దిగే మలుపులు, డ్యామ్ దాటాక సున్నిపెంట మీదుగా మళ్ళీ ఎక్కుడు. ఎదురుగా బస్సు వస్తే మలుపులో ఆగి, ఎత్తుమీద మళ్ళీ కదలాలి. అక్కడ కావలసింది తక్కువ ఇంజిన్ వేగంలోనే అందే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. ఫార్చ్యూనర్ ఆటోమేటిక్‌నే చూడండి. పెట్రోలు ఇంజిన్ 245 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే డీజిల్ 500 ఇస్తుంది. అయితే టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం ఉన్న పెట్రోలు ఇంజిన్ల సంగతి వేరు. స్కార్పియో-ఎన్ ఆటోమేటిక్‌లో పెట్రోలుకు 380, డీజిల్‌కు 400. దాదాపు సమానమే. మీరు చూసిన పెట్రోలు బండికి టర్బో ఉంటే అది కూడా ఘాట్ ఎక్కుతుంది, కాకపోతే లీటర్లకు లీటర్లు తాగుతుంది, ఒకసారి నింపుకున్న ట్యాంకుతో వెళ్ళగల దూరం తగ్గిపోతుంది. అడవి దారి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. వేళ చూసుకుని అడవి దాటవలసిన దారిలో బంకు కోసం వెతుక్కునే అవస్థ రాకూడదు. ఆటోమేటిక్‌నే ఎంచుకున్నారు, మంచిది. మాన్యువల్ అయితే ఎత్తుమీద కదిలించిన ప్రతిసారీ క్లచ్ అరుగుతుంది.

దిగేటప్పుడు మాత్రం ఏ ఇంజిన్ అయినా బండి బ్రేకుల మీదే భారం వేయకూడదు. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. ఐరోపా దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు ఇది తప్పనిసరి. మీది దానికన్నా చాలా బరువు. షెడ్డువాళ్ళు బ్రేకులు పెట్టడం లేదంటే ఆ ట్రైలర్ మీకు వద్దు. ఈ విషయంలో బేరం లేదు.

డీజిల్‌కు ఒక షరతు ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ రైతుబజారుకు, గుడికి మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే తిప్పితే ఆ మసి కాలే అవకాశం రాక ఫిల్టర్ పూడుకుపోతుంది. అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నిలకడ వేగంతో నడపాలి. మీ చిన్న కారు ఉంది కనుక ఊళ్ళో పనులకు దాన్నే వాడండి, అమ్మకండి. ఆ చిన్న కారు లేకపోతే మీకు పెట్రోలే కొనమనేవాణ్ణి.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని ఖర్చు ఒకటి. ట్రైలర్ ఎక్కడ నిలుపుతారు? అంత ఎత్తు పెట్టె అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగదు. ఊరి శివార్లలో ప్రహరీ, కాపలా ఉన్న ఖాళీ జాగా నెలకు 3 వేలకు దొరికిందనుకున్నా ఏడాదికి 36 వేలు. పెట్రోలు, డీజిల్ అని ఇంత చర్చించుకుంటున్న 35 వేల తేడా ఈ ఒక్క అద్దెతో చెల్లు.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. 95 లక్షల మీద 7 శాతం చొప్పున నెలకు 55,400 వస్తుంది. మీ ఇంటి ఖర్చు 55 వేలు. రెండూ సరిగ్గా సరిపోతున్నాయి, చూశారా? బండికి 23.40, ట్రైలర్‌కు 8 తీస్తే మిగిలేది 63.60 లక్షలు, నెలకు 37,100. మేడమ్‌గారి జీతం వచ్చే నాలుగేళ్ళూ ఈ లోటు కంటికి కనిపించదు. ఆమె కూడా విరమించాక, ధరలు ఇంకా పెరిగాక, మీకు 62 దాటాక కనిపిస్తుంది. అప్పుడు అసలుకే ఎసరు పెట్టవలసి వస్తుంది. వైద్య ఖర్చులు మొదలయ్యేది కూడా ఆ వయసులోనే.

ఆమె ఇంకా ఉద్యోగంలో ఉన్నారు కనుక మీరిద్దరూ కలిసి తిరగగలిగేది దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లోనే. మే నెల ఎండలో రేకు పెట్టెలో పగలు ఉండలేరు, ఏసీ నిరంతరం నడిపేంత బ్యాటరీ ఉండదు. శ్రీశైలం, లక్నవరం, నాగార్జునసాగర్, ఒకసారి అరకు రానూపోనూ కలిపితే మీరు చెప్పిన 2,500 కిలోమీటర్లు అవుతాయి, నిజమే. ఈ నాలుగేళ్ళలో ఏటా అన్నీ సాధ్యపడతాయా అన్నదే నా సందేహం. అందుకే ఈ దసరాకు ఒక కారవాన్ అద్దెకు తీసుకుని నాలుగు రాత్రులు అందులో పడుకోండి. బాత్‌రూమ్ ట్యాంకు మీరే ఖాళీ చేయండి, నీళ్ళు మీరే పట్టండి. తిరిగొచ్చాక కూడా ఇద్దరికీ అదే ఉత్సాహం ఉంటే ముందుకు వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు నాలుగైదేళ్ళు నడిచిన డీజిల్ ఆటోమేటిక్ చూడండి. 15 లక్షలు గీత గీసుకోండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ బండి అయితే లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టనక్కర్లేదు. ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండ్లు చవకగా కనిపిస్తాయి. పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాల మీద అక్కడ ఆంక్షలు రావడంతో వాటిని ఇతర రాష్ట్రాలకు అమ్మేస్తుంటారు. అక్కడి నిరభ్యంతర పత్రం, ఇక్కడి పన్ను, ఫిల్టర్ మార్పిడి అన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. వాటి జోలికి వెళ్ళకండి.

ట్రైలర్ విషయంలో రెండు కాగితాలు చూడనిదే ఒక్క రూపాయి ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా వాహనమే, దానికి రిజిస్ట్రేషన్ కావాలి. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన నమూనా కాకుండా షెడ్డులో వెల్డింగ్ చేసిన పెట్టెను తీసుకెళితే ఆర్‌టీఏ కార్యాలయంలో పని జరగదు. షెడ్డువాళ్ళను ఆ ధ్రువపత్రం అడగండి. రెండోది, మీరు కొనే మోడల్‌కు హిచ్ పెట్టవచ్చని, ఎన్ని కిలోల వరకు లాగవచ్చో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. షోరూమ్ సేల్స్‌మన్ నోటిమాట పనికిరాదు. హిచ్, ట్రైలర్ రెండింటి సంగతీ బీమా కంపెనీకి ముందే తెలియజేసి పాలసీలో రాయించండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ఇక ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. 60 నిండకపోయినా, 55 దాటి పదవీ విరమణ చేసినవారు ఆ ప్రయోజనాలు అందిన మూడు నెలల్లోగా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో చేరవచ్చు. పరిమితి 30 లక్షలు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 మీ ఖాతాలో పడుతుంది, అయిదేళ్ళపాటు అదే రేటు. వడ్డీకి పన్ను ఉంటుంది. గడువు దాటితే 60 నిండేదాకా ఆగాలి. మీరు బండికీ ట్రైలర్‌కూ పెట్టాలనుకున్న మొత్తం దాదాపు ఈ 30 లక్షలంతే కాబట్టి, మార్చిలో డబ్బు చేతికి రాగానే ముందు పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్ళండి. కంపెనీ ఇచ్చే విరమణ ధ్రువీకరణ పత్రం, అందిన మొత్తం వివరాలు, పాన్, ఆధార్ వెంట తీసుకెళ్ళండి.