సిగ్నె హెబ్బె ఎవరు? గాయనిగానా, గురువుగానా ఆమెను గుర్తుపెట్టుకోవాల్సింది?

స్వీడన్‌కు చెందిన ఒపేరా గాయని, నటన నేర్పిన గురువు (1837–1925). నా లెక్కలో గురువుగానే ఆమె స్థానం పెద్దది. అయితే కథ తల్లి దగ్గర మొదలుపెట్టాలి.

తండ్రి క్లెమెన్స్ దివాలా తీసి 1839లో దేశం విడిచి పారిపోయాడు. ముగ్గురు ఆడపిల్లలతో మిగిలిన తల్లి వెండెలా మొదట సంగీత పాఠాలు చెప్పి ఇల్లు నడిపింది. 1841లో స్టాక్‌హోమ్‌లోని ఆఫ్టన్‌బ్లాడెట్ పత్రికలో చేరింది. స్వీడన్‌లో జీతం తీసుకుని పనిచేసిన తొలి మహిళా పాత్రికేయురాలిగా ఆమెనే చెబుతారు. రచయితలు, సంగీతకారులు వచ్చిపోయే ఇల్లు అది. ఆ ముగ్గురిలో చిన్నది సిగ్నె. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల రంగస్థలం వైపు వెళ్లడంలో వింతేముంది!

సిగ్నె పారిస్‌లో చదువుకుంది, స్వదేశంలోనూ బయటా ఒపేరాల్లో పాడింది. గొంతుతో పాటు అభినయానికీ పేరు తెచ్చుకుంది. ఆ రోజుల్లో ఒపేరా వేదికపై స్వరం బాగుంటే చాలు, నటన ఎలా ఉన్నా సరిపెట్టుకునేవారు చాలామంది.

వేదిక వదిలాక స్టాక్‌హోమ్‌లో శిక్షణ మొదలుపెట్టింది. గాయకులకూ నటులకూ పాత్రను వేదికపై నిలబెట్టడం, ఉచ్చారణ, చేతుల కదలిక, నిలబడే తీరు నేర్పేది. తర్వాత స్వీడిష్ నాటకరంగంలో అగ్రనటుడైన ఆండర్స్ డి వాల్ ఆమె శిష్యుడే. తల్లి వెండెలా 1899లో కన్నుమూసింది. సిగ్నె మరో పాతికేళ్లు జీవించింది.