పాత ఫ్రెంచ్ వెండి కూజా, బేసిన్: నెపోలియన్ కాలానివేనా?

పారిస్ సంతలో మూడుకాళ్ల స్టాండు, దాని మీద వెండి బేసిన్, కూజా చూశానని, అమ్మేవాడు నెపోలియన్ కాలం నాటివంటున్నాడని, నమ్మొచ్చా అని అడిగారు.

ఆకారాన్ని చూసి మాత్రం నమ్మకండి. నేను లియాన్‌లో ఉంటాను, ఆదివారాలు పాత సామాన్ల సంతల్లో తిరగడం నాకో పిచ్చి. హంస తలలు, తామరాకులు, సింహం పాదాలు ఉన్న సామాను తర్వాతి తరాల వాళ్లూ చేస్తూనే వచ్చారు. అసలు నెపోలియన్ వాడిన స్టాండు ఆయన వెండి పనివాడు బియన్నె పనితనం, లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాన్ని ఆయన సెయింట్ హెలీనాకి కూడా తీసుకెళ్లాడు. అలాంటిది సంతకొస్తుందా చెప్పండి!

కూజా తిరగేసి, భూతద్దంతో ముద్రలు, అంటే వెండి నాణ్యతకు సర్కారు కొట్టిన చిన్న గుర్తులు, చూడండి. 1798 నుంచి 1819 దాకా కోడిపుంజు (నెపోలియన్ కాలానికి ఇదే), 1838 దాకా ముసలాయన తల, ఆ తర్వాత మినర్వా దేవత తల. పక్కన 1 ఉంటే వెయ్యికి 950 పాళ్లు వెండి, 2 ఉంటే 800. ఒక దుకాణంలో ఇలాగే నెపోలియన్ కాలం అంటూ కూజా చేతికిచ్చారు, భూతద్దం పెడితే మినర్వా కనిపించింది. వస్తువు మంచిదే, ధరే తప్పు. హంస బొమ్మ ముద్ర ఉంటే అది 1893 తర్వాత వేసింది, ఎక్కడ తయారైందో తేలని సరుకు మీద వేస్తారు.

చేసినవాడి ముద్ర నిలువు డైమండ్ ఆకారంలో ఉంటే వెండి. చతురస్రంలో ఉంటే వెండి పూత, బేరం అక్కడితో ఆపేయండి.

కూజా, బేసిన్, మూత విడివిడిగా చూడండి. మూడింటి మీదా ఒకే పనివాడి ముద్ర ఉండాలి. స్టాండు మాత్రం చాలాసార్లు వేరే ఇంటిది, తర్వాత జత కలిపిందే. నేనైతే దానికి విడిగా ధర అడుగుతాను. లోపలి బంగారు పూత వెలిసిపోయినా పర్వాలేదు కానీ, కొత్తగా మెరిసిపోతుంటే నాకు అనుమానమే.

కొంటే బిల్లు మీద కాలం, లోహం రాయించుకోండి. ఫ్రాన్స్‌లో 1981 నాటి ఉత్తర్వు ప్రకారం అడిగితే అమ్మేవాడు రాసివ్వాలి. నోటితో నెపోలియన్ అన్నవాడు పెన్ను పట్టుకోగానే ‘ఆ స్టైల్’ అని రాస్తే, ధర కూడా దానికి తగ్గట్టే అడగండి.