బిల్లు తెరిస్తే ఫైళ్లకు తాళం

ప్రశ్న: కోఠిలోని మా హోల్‌సేల్ దుకాణానికి పాత సరఫరాదారు పేరుతో, ఒక్క తప్పూ లేని ఈమెయిల్ వచ్చింది. అందులోని బిల్లు తెరవగానే లెక్కల ఫైళ్లన్నీ మూసుకుపోయి, డబ్బు కడితేనే తెరుస్తామన్న సందేశం కనిపించింది. కట్టేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దయచేసి కట్టవద్దు, కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న భరోసా లేదు. ముందు ఆ కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కేబుల్, వైఫై తొలగించండి. తొందరపడి ఫార్మాట్ మాత్రం చేయించకండి, ఎందుకంటే తెరమీది సందేశాన్నీ, ఫైళ్ల పేర్ల చివర కొత్తగా చేరిన అక్షరాలనూ చూసే అది ఏ రకం రాన్సమ్‌వేరో (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే హానికర సాఫ్ట్‌వేర్) నిపుణులు పోల్చుకుంటారు. 2016లో ఐరోపా సమాఖ్య పోలీసు సంస్థ యూరోపోల్, డచ్ పోలీసులు తదితరులు ప్రారంభించిన ‘నో మోర్ రాన్సమ్’ వెబ్‌సైట్‌లో కొన్ని రకాలకు విరుగుడు ఉచితంగానే దొరుకుతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా నమోదు చేయించండి.

ఒకప్పుడు భాషలోని తప్పులే మోసాన్ని పట్టించేవి. ఇప్పుడు కృత్రిమ మేధ చక్కని ఉత్తరం రాసిపెడుతుంది, తెలిసినవారి గొంతును అనుకరిస్తుంది, హానికర కోడ్‌ను మార్చి మార్చి రాసి, పాత వైరస్‌ల గుర్తులతో వెతికే యాంటీవైరస్‌కు చిక్కకుండా చేయగలదు. అందుకే ఇకపై అనుకోని బిల్లు వస్తే, ఈమెయిల్‌లోని నంబరుకు కాక, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్క్‌ను పని కాగానే ఊడదీసి దాచండి. కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే అదీ దాడికి గురవుతుంది.