కడపలో పబ్బులు లేవు కదా, మరి సాయంత్రాలు ఎక్కడ గడుపుతారు?

ప్రశ్న అడిగినవారు బెంగళూరు నుంచి ఉద్యోగం మీద కడపకు వస్తున్నారట. తిండికి, షాపింగుకు, కాసేపు ప్రశాంతంగా కూర్చోవడానికి ఏ ఏరియా బాగుంటుంది, పబ్బుల్లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

పబ్బులు లేవు. బార్లున్నాయి గానీ వాటి గురించి నన్ను అడగకండి. తలుపులు వేసుకుని చీకట్లో తాగే చోటును నేను ఊరి లెక్కలో వేయను. నేను చెప్పగలిగేది పాత ఊరి గురించి. ఏడు రోడ్ల కూడలి, వై.వి. స్ట్రీట్, అక్కడి నుంచి సందుల్లో పడి పెద్ద దర్గా వరకు. ఈ జాగాను కాళ్లతోనే తిరగాలి. కారులో వచ్చి కారులో పోయేవాళ్లకు కడప కనపడదని నేను గట్టిగా నమ్ముతాను.

నా బావమరిది బెంగళూరులోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాలు వాడికి పబ్బుల్లోనే గడుస్తాయి. ఒక దసరాకు మా ఇంటికొచ్చి, చీకటి పడగానే "బావా, ఈ ఊళ్లో ఏడు దాటితే చేసేదానికి ఏముంది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. బండి తీయబోతుంటే తాళంచెవి లాక్కుని, నడువమని బయలుదేరదీశాను.

నేరుగా దోసెల బండి దగ్గరికి తీసుకెళ్లాను. ఆ బండికి పేరు లేదు, బోర్డు లేదు. మేమంతా అక్క బండి అంటాం. నల్లటి పెద్ద పెనం, చుట్టూ నిలబడ్డ జనం. సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి అక్క పెనమంతా రుద్దింది. నీళ్లు చిలకరించి, పిండి పోసి గరిటెతో తిప్పింది. ఆ తర్వాత ఎర్రకారం. ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి నూరిన ముద్ద అది. దోసె మీద అంచుల దాకా దాన్ని పూసి, పైన పప్పుల పొడి చల్లి, చుట్టూ నూనె వేసింది. ఆ ఘాటుకు మావాడు అప్పుడే దగ్గడం మొదలుపెట్టాడు.

"మేడమ్, నాకు కొంచెం కారం తగ్గించి వేయండి" అన్నాడు.

అక్క తల కూడా ఎత్తలేదు. "కారం తగ్గిస్తే కారం దోసె ఎట్లయితాది నాయనా? సాదా దోసె ఏస్తా, తిను. తప్పేం ల్యా."

పక్కనే ప్లేటు పట్టుకుని ఒక పెద్దాయన ఉన్నాడు. "అట్ల కాదబ్బోడా, తొలి ముక్క చట్నీలో అద్దుకుని తిను. రెండోది ఉత్తదే తిను. అప్పుడు తెలుస్తాది" అని తన ప్లేటులోంచి ఇంత చట్నీ వాడి ప్లేటులోకి వంచాడు. ఇక మొదలు. యాడ పని? ఎంతిస్తారు? పెండ్లయిందా? ఏ ఊరు? మీ నాయన పేరేమి?

వాడు పేరు చెప్పాడు. పెద్దాయన తినడం ఆపేశాడు. "ఆర్టీసీలో కంట్రోలరుగా చేసినాడే, ఆయన కొడుకువా నువ్వు? నేను ఆయన కిందనే కండక్టరుగా చేసినా" అన్నాడు. కూతురి పెళ్లికి సెలవు దొరక్క అల్లాడుతుంటే, మా మామ పై ఆఫీసరుతో వాదులాడి తనకు సెలవు ఇప్పించిన సంగతి చెప్పాడు. పెళ్లికి పిలిస్తే డ్యూటీ అయ్యాక యూనిఫాంలోనే వచ్చి, భోజనం చేసి వెళ్లాడట. మా మామ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఈ ముచ్చట ఇంట్లో ఎవరికీ తెలియదు. మావాడు దోసె చేతిలో పట్టుకుని, నోట మాట లేకుండా వింటూ ఉండిపోయాడు. చివరికి మా ఇద్దరి దోసెలకూ డబ్బులు ఆ పెద్దాయనే ఇచ్చాడు. మేము జేబులో చెయ్యి పెడితే పెట్టనివ్వలేదు. వాడు ఇంటికొచ్చి ఆ రాత్రి వాళ్లక్కతో కూర్చుని వాళ్ల నాన్న గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇది ఏ పబ్బులో జరుగుతుందో చెప్పండి. పాటలు అంత గట్టిగా పెట్టుకుంటే పక్కవాడి నాయన ఎవరో ఎలా తెలుస్తుంది? నిలబడి తినేచోట ఉండే కలుపుగోలుతనం కుర్చీలు వేసిన చోట ఉండదు. ఇందులో నాకు అనుమానమే లేదు.

తిండి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. 'రాయలసీమ రుచులు' అని బోర్డు పెట్టి ఏసీ హాల్లో నిమ్మకాయంత సంగటి ముద్ద, పక్కన స్పూను పెట్టే హోటళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. రాగి సంగటిని చేత్తో తినాలి. వేడి వేడి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకుని, నాటుకోడి పులుసుతోనో చెనిక్కాయల చట్నీతోనో మింగాలి. నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని కూడా అంతే. పొద్దున పొయ్యి మీది నుంచి దిగగానే మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ తినేది అది. చల్లారితే బొరుగులు సాగిపోతాయి. మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉంచి అమ్మేవాళ్ల దగ్గర తిని, బాగాలేదని ఊరిని అనకండి.

ఎండాకాలం సాయంత్రాలు మా పాలిటి పబ్బు నన్నారి సోడా బండి. సుగంధపాల వేళ్లతో కాచిన షర్బతులో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, సోడా కొట్టి ఇస్తారు. గ్లాసు పట్టుకుని ఎంతసేపు నిలబడినా ఎవరూ పొమ్మనరు.

షాపింగు అంటే బట్టలకు, బంగారానికి వై.వి. స్ట్రీట్. మాధవరం చేనేత చీరలు కూడా అడిగి చూడండి, ఆ ఊరు ఇక్కడికి దగ్గరే. నాకు మాత్రం దర్గా దగ్గర అత్తరు, ఊదు, పూల చాదర్లు అమ్మే చిన్న కొట్లంటేనే ఇష్టం. పెద్ద దర్గా ఉరుసుకు ఏ.ఆర్. రహమాన్ వస్తాడని బయటివాళ్లకు తెలుసు. అక్కడ తల మీద గుడ్డ వేసుకుని నిలబడే వాళ్లలో చాలామంది మా బోటి హిందువులేనని తెలియదు. అలాగే ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో వస్తాయి. తమ ఇంటి ఆడపడుచు బీబీ నాంచారమ్మను పెళ్లాడాడు కాబట్టి స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. సినిమాలవాళ్లకు ఇదేదీ పనికిరాదు. కడప అంటే చాలు, బాంబులు, సుమోలు, నరుకుళ్లు. హైదరాబాదులో మాది కడప అని చెబితే ఇప్పటికీ జనం ఒకలా చూస్తారు. ఈ బాధ మాకు ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక ప్రశాంతమైన చోటు. పాత వీధుల్లో ఇళ్ల ముందు కడప బండలు పరిచిన అరుగులు ఉండేవి. పగలంతా ఎండకు కాగిన ఆ నల్లబండల మీద చీకటి పడే వేళకు బిందెడు నీళ్లు కుమ్మరించి, ఆరాక కూర్చునేవాళ్లం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు తవ్వే ఆ బండలు దేశమంతా వంటగదుల్లో కనిపిస్తాయి. మా వీధుల్లో మాత్రం కారు ఎక్కించే ర్యాంపు కోసం అరుగులు పగలగొట్టి, మెట్లకు నున్నటి గ్రానైట్ వేస్తున్నారు. వానొస్తే దాని మీద ముసలివాళ్లు జారి పడుతున్నారు.

అందుకే ఇప్పుడు నా ఆసరా ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం. పాత ఊరు దాటి కొంచెం పోవాలి, అయినా సరే వెళ్లండి. ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, ఇక్కడే బంగళా కొన్నాడు. పండితులను పెట్టుకుని, సొంత డబ్బులు ఇచ్చి, పాడైపోతున్న తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. వేమన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి 1829లో అచ్చు వేయించాడు. మనం నేటికీ తిరగేసే ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. బంగళా కూలిపోయి మొండిగోడలు మిగిలిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. తాళపత్రాలున్నాయి, పాత పుస్తకాలున్నాయి, ఫ్యాను కింద కూర్చుని చదువుకోవచ్చు. ఈ ఊరి పిల్లలు బ్రౌన్ పాఠం బట్టీపట్టి పరీక్షలు రాస్తారు, నేను చూసినంతలో ఒక్క బడీ వాళ్లను వరుసలో నడిపించి ఇక్కడికి తీసుకొచ్చిన పాపాన పోలేదు. కోచింగ్ సెంటర్లకు మాత్రం బస్సులు పెట్టి తోలుతారు.

మీరు వచ్చిన మొదటి వారంలోనే పగలు గ్రంథాలయం చూసుకుని, పొద్దు వాలాక ఏడు రోడ్ల దగ్గర ఆటో దిగండి. దోసెల బండి ఎక్కడుందని ఎవరిని అడిగినా తమకు నచ్చినదే గొప్పదని చెబుతారు, జనం నిలబడి ఉన్నదాని దగ్గరికి వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే చీకటి పడేదాకా బయటికి రాలేరు. చేరడం మీ చేతుల్లో ఉంటే చలికాలంలో చేరండి, రథసప్తమికి దేవుని కడపలో తేరు కూడా చూడొచ్చు.