అద్దం వాల్చిన జీపులో కోటిపల్లి దాకా

"పాత ఓపెన్ జీపును ముందద్దం వాల్చి నడిపితే నిజంగా బాగుంటుందా, లేక అది ఫొటోల కోసమేనా? ప్రమాదం ఏమైనా ఉందా?" అని అడిగారు. బాగుంటుందండి, చాలా బాగుంటుంది. ప్రమాదమూ ఉంది. రెండూ నాకు ఒకే రోజు తెలిశాయి, అందుకే రాస్తున్నాను.

మా జీపు 1968 మోడల్ మహీంద్రా సీజే3బీ. నాన్నగారు 1984లో ఒక ప్రభుత్వాఫీసు వేలంలో పాడుకున్నారు. పెట్రోలు ఇంజనే, ఇప్పటికీ అదే. డీజిల్ ఇంజను పెట్టించు, లీటరుకి బోలెడు కలిసొస్తుందని చెప్పినవాళ్లు ఊరి నిండా ఉన్నారు. నేను పెట్టించలేదు. లావు టైర్లు, క్రోమ్ బంపర్లు, నాలుగు వైపులా ఎల్ఈడీ లైట్లు బిగించి దాన్ని పాత జీపు అనడం నాకు నచ్చదు. మిలిటరీ ఆకుపచ్చ రంగు వేసేవాళ్లకైతే ఆ రంగు రక్షణ శాఖ బళ్లకు తప్ప ఇంకెవరికీ కుదరదని నిబంధన ఉన్నట్టే తెలియదు.

అద్దం వాల్చాలంటే ముందు టాపు విప్పాలి. గుడ్డ అంచు అద్దం ఫ్రేముకే తగులుకుని ఉంటుంది. తర్వాత రెండు పక్కలా క్లిప్పులు వదులు చేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని మెల్లగా బానెట్ మీదికి వాల్చాలి. ఒక్కరే చేస్తే ఎక్కడో ఒకచోట రంగు గీరుకుపోతుంది. వాల్చాక పట్టీతో బిగించి తీరాలి. గతుకుల్లో ఫ్రేము ఎగిరెగిరి పడిందంటే అద్దం మిగలదు.

మాది కడియం పక్క పల్లెటూరు. నాలుగేళ్ల కిందట కార్తీకంలో ఒక సోమవారం నాన్నగారు కోటిపల్లి వెళ్లి గోదావరి స్నానం చేసి, సోమేశ్వరుణ్ణి చూసొద్దామన్నారు. కారు తీస్తానంటే వద్దు, జీపులో వెళ్దాం, అద్దం వాల్చు అన్నారు. ఆయన కుర్రతనంలో అలాగే తిరిగేవారట. శుక్లాల ఆపరేషను అయినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన పెద్ద నల్లకళ్లద్దాలు, పక్కల కూడా మూసి ఉంటాయే, అవి పెట్టుకుని మెడకి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. ఇంత మంచి గాగుల్స్ ఏ షాపులోనూ దొరకవని ఆ రోజే నాకు తెలిసింది.

చీకటుండగానే ఏటిగట్టు ఎక్కాం. అద్దం ఉన్నప్పుడు గాలి పక్కల నుంచి సుడి తిరిగి వెనక నుంచి కొడుతుంది, దుమ్మంతా ఒళ్లో పడుతుంది. అద్దం వాలిస్తే గాలి నేరుగా మొహానికి వస్తుంది, కానీ సాఫీగా వస్తుంది. 30లో పోతుంటే మాట్లాడుకోవచ్చు. అన్నిటికంటే వాసనలు! తోటల దగ్గర మట్టీ పూలూ కలిసిన వాసన, కాస్త దూరం పోగానే ఎవరి పొయ్యిదో కట్టెల పొగ, రేవు దగ్గర చేపల నీచు. కుడిపక్క నది మీంచి మంచు గట్టు మీదికి వస్తుంటే ఆ మంచులోంచే మేం పోతున్నాం. నాన్నగారి కనుబొమల మీద సన్నటి నీటిబొట్లు పట్టాయి. ఆయన తుడుచుకోలేదు.

కపిలేశ్వరపురం దాటాక పొద్దు పొడిచింది. కొత్తవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఇదే. వాల్చిన అద్దం బానెట్ మీద వెల్లకిలా పడి ఉంటుంది, ఎదురెండ దాని మీద పడి నేరుగా కళ్లలోకి కొడుతుంది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తూ నడుపుతున్నాను. ఉన్నట్టుండి నాన్నగారు "ఒరేయ్, ఆపరా!" అని నా భుజం గట్టిగా పట్టుకున్నారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. బండి ఆగేసరికి స్టీరింగుకి జానెడు అవతల, సరిగ్గా నా గొంతు ఎత్తులో, నల్లటి కేబుల్ టీవీ తీగ. ముందు రోజు గాలివానకి స్తంభం మీంచి జారి గట్టుకి అడ్డంగా వేలాడుతోంది. దాని పొడుగునా మంచుబొట్లు వరసగా పట్టి ఉన్నాయి. మా ఊపుకి ఒక్కటి కూడా రాలలేదు, అంటే మేం దాన్ని తాకలేదన్నమాట. ముట్టుకోవద్దని చెప్పి నాన్నగారు దిగి, చేతికర్రతో దాన్ని పైకెత్తి పట్టుకున్నారు. జీపును కిందనుంచి మెల్లగా దాటించాను. చాలాసేపు నా కాళ్లలో వణుకు తగ్గలేదు.

అద్దం నిలబెట్టి ఉంటే ఆ తీగ ఫ్రేముకి తగిలేది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకీ ఇదే కష్టం వచ్చింది. అప్పటి విల్లీస్, ఫోర్డ్ జీపులు 6 లక్షలకు పైగా తయారయ్యాయి. అద్దం తళుక్కుమని శత్రువుకి జాడ తెలియకూడదని, బండి ఎత్తు తగ్గుతుందని వాల్చి నడిపేవారు. అది చూసి జర్మన్లు రోడ్డుకి అడ్డంగా మెడ ఎత్తులో సన్నటి తీగలు కట్టారు. అందుకే ఆనాటి జీపుల ఫొటోల్లో ముందు బంపర్ మీద నిటారుగా ఒక ఇనప కమ్మీ కనిపిస్తుంది, పైన కొక్కెంలా వంపుతో. తీగని తెంపడానికి బిగించినది. దాన్ని అలంకారం అనుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారలేదు. ఊరి పొలిమేర రాగానే ఆపి అద్దం లేపుతాను, ఊరు దాటాక మళ్లీ వాలుస్తాను. రెండు నిమిషాల పని. వాల్చినప్పుడల్లా అద్దం మీద గోనెసంచి కప్పుతాను. 40 దాటను. హైవే మీద అద్దం వాల్చి లారీ వెనకాల పోవడం మాత్రం శుద్ధ తప్పు, కంకర రాయి ఒక్కటి చాలు. తొలకరి సాయంత్రాలూ వద్దు, ఉసిళ్లు లేచాయంటే నోరు తెరవలేరు. కళ్లద్దాలు లేకుండా అసలే వద్దు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, రూపం మార్చని బండికి 'వీఏ' అక్షరాల నంబరు ఇస్తారు. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. గౌరవమే, కాదనను. కానీ ఆ నంబరు తీసుకున్న బండి ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. నాన్నగారిని గుడికి తీసుకెళ్లడం ప్రదర్శన కాదు, ర్యాలీ కాదు. నడపని జీపు చెడిపోతుంది, సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది. అందుకే పాత బళ్లకు వేసే గ్రీన్ ట్యాక్సు కట్టి పాత నంబరుతోనే ఉంచుకున్నాను. ఇలా వాడుకునేవాళ్లకి ఆ నిబంధనలో చోటు ఉండాల్సింది.

నాన్నగారికి ఇప్పుడు 81. జీపు ఎత్తు ఆయన మోకాళ్లకి అందడం లేదు. బండిని ఎక్కడా కోయకుండా, ఎడమవైపు తగిలించుకుని తీసేసే ఇనప మెట్టు ఒకటి చేయించాను. రెండు రోజుల కిందట ఎక్కి చూశారు. వచ్చే కార్తీకానికి ఇంకో నాలుగు అంగుళాలు కిందికి దించమన్నారు.