ఎక్స్‌రేలో ఏమీ లేదు, పంటి నొప్పి పోవట్లేదు: పక్క పన్ను కూడా తీయించాలా?

తీయించకండి. కనీసం ఒక నెల ఆగండి. నేను ఆగలేదు కాబట్టే చెబుతున్నాను.

మీరు రాసింది ఇదీ: పై దవడలో ఒకే చోట రెండేళ్ళుగా నొప్పి. ముగ్గురు డాక్టర్లు పన్ను బాగానే ఉందన్నారు. చివరికి ఒకరు రూట్ కెనాల్ చేశారు, అయినా పోలేదు. ఇప్పుడు పక్క పన్ను మీద అనుమానం. ఇంట్లో వాళ్ళేమో "అంతా నీ భ్రమ" అంటున్నారు. ఊరూ పేరూ మారిస్తే ఇది 2018లో నా కథే.

నేను డాక్టర్ని కాదు. తెనాలిలో జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్ళు దాటింది. మాకు శ్రావణమాసం వచ్చిందంటే తిండీ నిద్రా ఉండవు. వరలక్ష్మీ వ్రతానికి అందరికీ కొత్త జాకెట్టు కావాలి, అదీ గురువారం సాయంత్రానికల్లా కావాలి. 2018లో ఆ హడావుడిలోనే కుడివైపు పై దవడ పన్ను దగ్గర సలపడం మొదలైంది. దారం పంటితో తెంపుతాను, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుంటాను, దానివల్లే అయ్యుంటుందనుకున్నాను. లవంగం పెట్టాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, మెడికల్ షాపు అబ్బాయి ఏ బిళ్ళ ఇస్తే అది మింగాను. దసరా నాటికి కడుపులో మంట కూడా తోడైంది, పంటి నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మొదటి డాక్టరు చిన్న పుచ్చు ఉందని సిమెంటు పెట్టారు, తగ్గకపోతే రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. రెండు వారాలు హాయిగా ఉంది, మూడో వారం మళ్ళీ మొదలు. రెండో డాక్టరు "లోపల ఒక కాలువ వదిలేశారేమో" అని మళ్ళీ తెరిచారు. కాలువ అంటే వేరు లోపల నరం ఉండే సన్నటి దారి. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. పైన ఉండే మొదటి పెద్ద దవడ పన్నుకి చాలామందిలో నాలుగో కాలువ కూడా ఉంటుంది, సన్నగా ఉండి తేలిగ్గా కంటికి ఆనదు. నాకూ వెతికారు, శుభ్రం చేశారు, ఫలితం లేదు. మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి నాకు ఓపిక చచ్చిపోయింది. ఆయన వద్దంటున్నా నేనే పట్టుబట్టి పీకించుకున్నాను. 2019 మే నెల.

తీసిన పన్ను దూదిలో పెట్టి నా చేతికిచ్చారు. చీము లేదు, చీలిక లేదు. క్యాప్ తీసేస్తే వేర్లతో సహా బంగారంలాంటి పన్ను. గాయం నొప్పి మూడు రోజుల్లో తగ్గింది. నాలుగో రోజు పొద్దున మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుంటే అదే చోట, అదే సలుపు. నాలుకతో తడిమితే మెత్తటి చిగురు తగులుతోంది. అక్కడ పన్నే లేదు.

వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. లేని పన్ను నొప్పి పుడుతోందని ఎవరితో చెప్పుకుంటాం? చివరికి చెబితే మా అత్తయ్య "పీకించుకున్నా పోని నొప్పి ఏం నొప్పే తల్లీ" అని దిష్టి తీసి పోసింది. ఆమె ప్రేమతోనే చేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంకో నెలకి ముందున్న పన్ను కూడా సలపడం మొదలుపెట్టింది. డబ్బులు పర్సులో పెట్టుకుని, దాన్నీ పీకమని మళ్ళీ అదే మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆయన ససేమిరా అన్నారు. "ఇది పోతే దాని పక్కది మొదలవుతుందమ్మా. డెంటల్ కాలేజీలో ఓరల్ మెడిసిన్ వాళ్ళకి చూపించండి" అని చీటీ రాసిచ్చారు. నా మిగతా పళ్ళు నిలబడ్డాయంటే ఆ చీటీ వల్లే.

పళ్ళ డాక్టర్లలో అలాంటి విభాగం ఒకటి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. పళ్ళు తీయడం, కట్టడం వాళ్ళ పని కాదు. నోటిలో జబ్బులు, ముఖం నొప్పులు, స్కాన్‌లు చూస్తారు. డెంటల్ కాలేజీ ఏదైనా సరే, ఈ విభాగం ఉంటుంది, ఓపీ చీటీ కూడా చవకే. మీరు ముందు అక్కడికి వెళ్ళండి.

అక్కడ నన్ను చూసింది పీజీ చదివే అమ్మాయి. నోరు తెరవమనలేదు, ముందు "నొప్పి ఎలా ఉంటుంది ఆంటీ?" అని అడిగింది. "నొప్పిగా ఉంటుంది" అన్నాను. అలా కాదంది. జివ్వుమంటుందా, పోటా, సలుపా, మంటా, కరెంటు షాకు కొట్టినట్టా? అప్పటికి నలుగురు చుట్టాలకీ ముగ్గురు డాక్టర్లకీ నేను చెప్పింది "నొప్పి" అనే ఒక్క మాటే. మనకి ఇన్ని మాటలుండి కూడా డాక్టరు ముందు ఒక్కటీ వాడం.

ఆ మాటల్లో తేడా ఏమిటో ఆ అమ్మాయే చెప్పింది. చల్లనిది తాగగానే జివ్వుమని వెంటనే పోతే పంటి పైపొర అరగడమో పగులో కావచ్చు. రాత్రి పడుకుంటే గుండె కొట్టుకున్నట్టు పోటు పెట్టి నిద్రలేపితే పంటి లోపలి నరం వాచిందో, చీము పట్టిందో అయ్యుండొచ్చు. కొరికినప్పటికంటే కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటే పన్ను పగిలిందేమో చూడాలి. ఆ పగులు చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదు, చిన్న పుల్లలాంటిది ఒక్కో కొన మీద పెట్టి కొరికిస్తే తెలుస్తుంది. వంగినప్పుడు పై పళ్ళన్నీ బరువెక్కినట్టుండి ముక్కు కూడా దిబ్బడేస్తే సైనస్, అంటే ముక్కు పక్కనుండే గాలి గది, ఎందుకంటే పై దవడ పళ్ళ వేర్లు ఆ గదికి ఆనుకునే ఉంటాయి. పొద్దున లేవగానే చెంపలు బిగుసుకుపోయి ఉంటే నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు. నమిలే కండరం అలిసిపోయినా ఆ నొప్పి పంటిలో ఉన్నట్టే అనిపిస్తుందట.

నాది సలుపు. పొద్దున మొదలై రోజంతా ఒకేలా ఉంటుంది. చల్లనిదీ వేడిదీ దానికి తేడా లేదు, నమిలితే పెరగదు. నిద్ర పట్టనివ్వదు, కానీ పట్టాక లేపదు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, అప్పటికి నెల రోజులుగా రాసుకుంటున్నాను. కొలతల పుస్తకంలోనే రాసేదాన్ని. ఆ అమ్మాయికి పుస్తకం ఇస్తే ఒక పేజీలో "ఛాతీ 36, నడుము 32, చేతులు పొట్టి", దాని కిందే "ఉదయం 10 నుంచి 4, పదికి ఆరు". నవ్వుకుంటూనే మొత్తం చదివింది. మీరూ ఈ రోజు నుంచే రాయండి. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నారు, నొప్పి పదికి ఎంత. అంతే చాలు.

తర్వాత మత్తు పరీక్ష చేశారు. నొప్పి ఉన్నచోట ముందు జెల్ రాసి, తర్వాత ఇంజెక్షన్ ఇచ్చి, సలుపు ఎంత తగ్గిందో చెప్పమన్నారు. పెదవీ చిగురూ పూర్తిగా మొద్దుబారాయి. సలుపు మాత్రం పదికి ఆరు నుంచి నాలుగుకి వచ్చి అక్కడే ఆగింది. తప్పు పంటిదే అయితే మత్తుకి నొప్పి దాదాపు మాయమైపోవాలట. ఇదొక్కటే చూసి తేల్చేయరు, కానీ గట్టి ఆధారమే. పీకించుకోకముందు ఈ పరీక్ష ఎవరైనా చేసుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత త్రీడీ స్కాన్, అదే సీబీసీటీ, తీసి పాత వేరు ముక్కలు ఏమీ లేవని చూశారు. అక్కడి నుంచి న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు, దగ్గరికి పంపితే ఆయన ఎమ్మారై రాశారు, అందులోనూ ఏమీ లేదు.

నాకొచ్చిన ఈ నొప్పిని ఇదివరకు అటిపికల్ ఒడొంటాల్జియా, అంటే మామూలుది కాని పంటి నొప్పి, అనేవారట. 2020లో వచ్చిన అంతర్జాతీయ ముఖ నొప్పుల వర్గీకరణలో పర్సిస్టెంట్ ఇడియోపతిక్ డెంటోఆల్వియోలార్ పెయిన్ అని ఉంది, అంటే పంటి చోట విడవకుండా ఉండే నొప్పి. మూడు నెలలకి మించి, రోజూ, రోజుకి రెండు గంటల కంటే ఎక్కువసేపు ఉండాలి, పంటిలోనూ ఎక్స్‌రేలోనూ కారణం కనపడకూడదు. ఇడియోపతిక్ అంటే కారణం తెలియదని అర్థం. నాకు ఆ మాట వింటే మొదట కోపం వచ్చింది, తర్వాత ఎందుకో ఊరటగా అనిపించింది. పేరుందంటే నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాటే కదా. నలభై దాటిన ఆడవాళ్ళలో ఎక్కువట, చాలామందికి రూట్ కెనాలో పన్ను తీయడమో జరిగాక మొదలవుతుందట.

డాక్టరు నరాల గురించి చెప్పింది నాకు నా మిషను లెక్కలో అర్థమైంది. ఒకసారి మోటారు పెడలు ఇరుక్కుపోయింది. కాలు తీసేసినా సూది టకటకా కొడుతూనే ఉంది, గుడ్డ గుడ్డంతా పాడైంది. సూది మార్చితే అది ఆగుతుందా? నేను చేసింది అదే, సూది మార్చడం. పంటి నుంచి మెదడుకి వెళ్ళే దారిలో ఎక్కడో నొప్పి కబురు ఆగకుండా పోతూనే ఉంటే, పన్ను తీసి లాభం లేదు. పైగా తీసిన గాయం ఆ నరాన్ని ఇంకా రెచ్చగొట్టొచ్చు.

మందు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములతో మొదలైంది. మా ఆయన ఫోన్‌లో చూసి "ఇది డిప్రెషన్ మందు కదా, నీకు పిచ్చి అనుకున్నారా" అన్నారు. నాకూ అదే అనుమానం. డాక్టర్ని అడిగేశాను. డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు చాలా ఎక్కువ, ఇంత చిన్న మోతాదులో నరాల నొప్పికే వాడతామన్నారు. మొదటి పది రోజులు నోరు ఎండిపోయేది, పొద్దున్నే మత్తు దిగేది కాదు, ఒక జాకెట్టుకి రెండూ కుడి చేతులే కుట్టాను. నొప్పి ఏమీ తగ్గలేదు. మానేద్దామనుకుంటే, మూడు నాలుగు వారాలు చూడకుండా మానొద్దన్నారు. ఐదో వారంలో ఒక సాయంత్రం హుక్కులు కుడుతూ, మధ్యాహ్నం నుంచీ నొప్పి గుర్తే రాలేదని గమనించాను. తర్వాత 25కి పెంచారు. దయచేసి నా మాట మీద ఈ మందు కొనుక్కోకండి. గుండె జబ్బు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్ళకి ఇది పనికిరాకపోవచ్చు, ఒక్కసారిగా మానేయడమూ మంచిది కాదు. అందరికీ ఇదే పనిచేస్తుందనీ లేదు. కొందరికి గాబాపెంటిన్ లాంటివి, కొందరికి చిగురు మీద రాసే మత్తు జెల్ ఇస్తారు.

మా మేనమామ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీది నాలాంటిదో ఆయనలాంటిదో నాకు తెలియదు. ఆయనకి గడ్డం గీసుకుంటే, బస్సులో గాలి తగిలితే, ముఖం కడుక్కుంటే కింద దవడలో షాకు కొట్టినట్టు కొన్ని సెకన్లు, మళ్ళీ ఏమీ లేనట్టు. కుడివైపు నాలుగు పళ్ళు తీయించుకున్నాడు. అన్నం పెదవికి తగిలితే షాకు కొడుతుందని జావ తాగి బతికాడు. అది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి వెళ్ళే నరంలో వచ్చే నొప్పి. న్యూరాలజిస్టు కార్బమజెపిన్ ఇస్తే వారంలో ముద్ద నమిలాడు. ఆ మందుకి రక్తంలో సోడియం పడిపోవచ్చు, ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. షాకులైతే మీరు ఆలస్యం చేయకండి.

ఇంకొన్నింటికి నెల కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. ముఖం వాచి జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, పెదవి మొద్దుబారితే, నోరు సరిగా తెరుచుకోకపోతే. మెట్లెక్కితే దవడ నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గుతుంటే అది గుండె కావచ్చు, పళ్ళ డాక్టరు పని కాదు. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే అదీ చూపించుకోవాలి.

ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పాలని మీరు అడిగారు. నేను చెప్పి ఒప్పించలేకపోయాను. ఒకసారి మా ఆయన్ని వెంట తీసుకెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టాను. "నొప్పి నిజమే, కనపడే చోట లేదంతే" అని డాక్టరు అన్నాక మా ఆయన మళ్ళీ భ్రమ అనే మాట ఎత్తలేదు. అత్తయ్య మాత్రం ఇప్పటికీ దిష్టి తీస్తుంది. తీయనీ.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ళు వాడాక మందు మెల్లగా తగ్గించి ఆపేశారు. నొప్పి పూర్తిగా పోలేదు. మామూలు రోజుల్లో పదికి ఒకటి, శ్రావణంలో నిద్ర లేకపోతే మూడు. దారం కత్తెరతోనే తెంపుతున్నాను, గుండుసూదులు దిండుకి గుచ్చుతున్నాను. పెదాలు మూసి ఉంచి పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకుండా చూసుకోమన్నారు, మిషను మీద చిన్న కాగితం అంటించుకున్నాను, గుర్తుకి.

పీకించుకున్న ఆ పన్ను ఇంకా గుండీల డబ్బాలోనే ఉంది. ఈ మధ్య ఒకావిడ జాకెట్టుకి గుండీలు ఏరుకుంటూ దాన్ని పట్టుకుని "ఇదేంటి, శంఖమా?" అంది. మీరు వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్ళండి, ఓపీ పొద్దున్నే మొదలవుతుంది. మత్తు పరీక్ష చేస్తారా అని మీరే అడగండి.