కేంద్రకం నుంచా, కేంద్రకానికి తగిలా?

సందేహం: గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను. ఇంటర్ తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లల కోసం నోట్స్ తెలుగులో తయారు చేస్తున్నాను. పయాన్లనే సూక్ష్మ కణాలు పరమాణు కేంద్రకాల దగ్గర దారి మళ్లడం (స్కాటరింగ్) గురించి 'పయాన్లు కేంద్రకాల నుంచి పరిక్షేపణం చెందుతాయి' అని రాస్తే, ఒక అమ్మాయి 'పయాన్లు కేంద్రకంలో ముందే ఉంటాయా మేడమ్?' అని అడిగింది. 'నుంచి' తప్పా? 'కేంద్రకం చేత పరిక్షేపించబడతాయి' అంటే సరిపోతుందా? 'చెల్లాచెదురు' అనొచ్చా? పయాన్ అనాలా, పైయాన్ అనాలా? – ఒక అధ్యాపకురాలు, గుంటూరు

సమాధానం: ఆ అమ్మాయి మీ వాక్యాన్ని సరిగ్గానే చదివిందండీ. 'నుంచి' అన్నామంటే ఒకచోట ఉన్నది అక్కడి నుంచి బయల్దేరిందని అర్థం. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారంటాం. ఆ నీళ్లే గోడను కొట్టుకుని చిమ్మితే 'గోడ నుంచి చిమ్మాయి' అనం, 'గోడకు కొట్టుకుని చిమ్మాయి' అంటాం.

పయాన్ల సంగతీ అంతే. యాక్సిలరేటర్‌లో వేగం పుంజుకున్న ప్రోటాన్లు కార్బన్ లాంటి పదార్థాన్ని ఢీకొన్నప్పుడు అవి పుడతాయి. విద్యుదావేశం ఉన్న పయాన్ సగటున బతికేది సెకనును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో 26 భాగాలే. ఆ కాస్త వ్యవధిలోనే అయస్కాంతాలతో వాటిని ఏరి, ఒక పాయగా కూర్చి, పరీక్షించాలనుకున్న కేంద్రకాల మీదికి పంపుతారు. పయాన్ బయటి నుంచి వచ్చింది కాబట్టి 'పయాన్లు కేంద్రకాలకు తగిలి చెదురుతాయి' అని రాయండి. ఆ అమ్మాయికి ఇక ఆ సందేహం రాదు.

అలాగని 'నుంచి'ని పూర్తిగా కొట్టేయకండి. కేంద్రకం దగ్గర పయాన్‌కు ఏం జరిగిందన్న దాన్నిబట్టి విభక్తి మారాలి. కేంద్రకం ఎప్పటిలాగే ఉండి పయాన్ దారి మాత్రమే మళ్లితే అది స్థితిస్థాపక పరిక్షేపణం. పయాన్ తన శక్తిలో కొంత కేంద్రకానికి ఇచ్చి, దాన్ని ఉత్తేజిత స్థితికి తీసుకెళ్తే అస్థితిస్థాపకం. ఈ రెండు చోట్లా 'తగిలి' చక్కగా సరిపోతుంది. కానీ ధనావేశ పయాన్ ఒక్కోసారి కేంద్రకంలోని న్యూట్రాన్‌ను ప్రోటాన్‌గా మారుస్తుంది. అప్పుడు బయటికొచ్చేది ఆవేశం లేని పయాన్. అది వెంటనే రెండు గామా కిరణాలుగా విడిపోతుంది, పరికరాలు పట్టుకునేది ఆ కిరణాలనే. ఆ తటస్థ పయాన్ పుట్టింది కేంద్రకంలోనే కాబట్టి 'కేంద్రకం నుంచి తటస్థ పయాన్ వెలువడింది' అనడమే ఒప్పు.

పయాన్ అసలు తిరిగి రాకుండా పోవడం కూడా ఉంది. కేంద్రకం దాన్ని మింగేస్తుంది. విడిగా ఉన్న ఒంటరి ప్రోటాన్ గానీ న్యూట్రాన్ గానీ ఆ పని చేయలేదు. శక్తి, ద్రవ్యవేగం రెండింటి లెక్కా ఒకేసారి కుదరదు. అందుకని కనీసం రెండు కణాలు కలిసి ఆ భారం పంచుకుంటాయి. పయాన్ ద్రవ్యరాశిలో దాగిన దాదాపు 140 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వాటికి దక్కుతుంది, ఆ ఊపుకు అవి కేంద్రకం నుంచి బయటపడతాయి. ఇక్కడా 'నుంచి' సరైనదే. అయితే దీన్ని పరిక్షేపణం అనకూడదు, శోషణం అనాలి.

'తగిలి' కూడా అన్నిచోట్లా నప్పదు. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ బంగారు రేకు మీదికి పంపిన ఆల్ఫా కణాలు కేంద్రకాన్ని తాకలేదు. విద్యుత్ వికర్షణ వల్ల దూరం నుంచే దారి మళ్లాయి. కాబట్టి ఆ పాఠంలో 'కేంద్రకం వల్ల దారి మళ్లాయి' అని రాయాలి. పయాన్ మీద ప్రధానంగా పనిచేసే బలమైన కేంద్రక బలం చాలా దగ్గరికి వస్తే తప్ప అందదు. అందుకే దానికి 'తగిలి' అన్న మాట నప్పింది. 'కేంద్రకంలోకి దూసుకుపోయి' అని రాసేటప్పుడూ జాగ్రత్త. 1950ల మొదట్లో షికాగోలో ఫెర్మీ బృందం చేసిన ప్రయోగాల్లో శక్తి పెరిగేకొద్దీ పయాన్‌కు ప్రోటాన్‌తో ఢీకొనే అవకాశం బాగా పెరుగుతూ పోయింది. అది దాదాపు 190 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పతాక స్థాయికి చేరుతుందని తర్వాత తేలింది. ఆ శక్తి దగ్గర చాలా పయాన్ల కథ కేంద్రకం అంచునే ముగుస్తుంది. లోపలిదాకా వెళ్లగలిగేది ధనావేశ కేయాన్ అనే మరో రకం కణం. 'దూసుకుపోయి' అన్న మాట దానికి ఉంచండి.

ఇక 'చేత పరిక్షేపించబడతాయి' సంగతి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. తెలుగులో 'చెదురు' అనే చక్కటి క్రియ ఉండగా 'బడు' ఎందుకు? కేంద్రకాన్ని కర్తగా చేయాలనుకుంటే 'కేంద్రకం పయాన్లను చెదరగొడుతుంది' అనండి. 'చెల్లాచెదురు' మాత్రం వద్దు. దానికి గుంపు కావాలి. జనం చెల్లాచెదురవుతారు, ఒక్క మనిషి కాలేడు. పరిక్షేపణం ఒక్క పయాన్‌కైనా జరుగుతుంది. 'చెదురు'కు ఆ ఇబ్బంది లేదు. బొట్టు చెదిరింది, ఏకాగ్రత చెదిరింది అంటాం. ఉన్న తీరు తప్పిందనే అర్థం అందులో ఉంది, మనకు కావలసింది అదే. పరిక్షేపణం, పరిక్షేపణ కోణం లాంటి నామవాచకాలు పరీక్షల్లో వచ్చేవే, వాటిని కదిలించకండి. క్రియ దగ్గర మాత్రం 'చెదురుతాయి' అని రాయండి.

చివరి ప్రశ్నకు నా ఓటు 'పయాన్'కే. గ్రీకు అక్షరం 'పై' వినబడేలా పైయాన్ అనడంలో తప్పు లేదు. కానీ మన 'పై' ప్రత్యయంతో కలిసినప్పుడు 'కేంద్రకంపై పైయాన్లు' అని చదవడానికే ఇబ్బంది. పయాన్ పూర్తి పేరైన 'పై మెసాన్' అని రాస్తే ఇంకో మెసాన్ కింద ఉందేమో అనుకుంటారు. పైగా 'అయాన్' అన్న మాట మన పాఠ్యపుస్తకాల్లో ఎప్పుడో స్థిరపడింది, 'ఐయాన్' అని ఎవరూ రాయడం లేదు. ఆ దారిలోనే పయాన్, పయాన్లు.